బాపమ్మ మొక్కిన రాయి

మా బాపమ్మ గుడికి పోతే దేవుణ్ణి ఏమీ అడిగేది కాదు. ఈ సంగతి నాకు పన్నెండేళ్ళప్పుడు తెలిసింది. బాపు పనిచేసే మిల్లు అప్పుడే మూతపడింది. అమ్మ పుస్తెలతాడు ఒక్కటి మెడలో ఉంచుకుని మిగతావి ఒక్కొక్కటే సేటు దగ్గర కుదువ పెడుతోంది. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మేం వెళ్ళగానే ఆపేసేవాళ్ళు. అలాంటి రోజుల్లో ఒక సోమవారం బాపమ్మ వెంట వేయి స్తంభాల గుడికి వెళ్ళి, బయటికి వస్తూ అడిగాను.

"మిల్లు తెరిపియ్యమని మొక్కినవా?"

"లేదు" అంది, చెప్పులు వెతుక్కుంటూ.

"మరి గింతసేపు ఏం జేసినవ్?"

"ఏం జేస్త? నువ్వెంత తండ్రీ, నేనెంత అన్న. గంతే."

నాకు ఒళ్ళు మండింది. అంత ఎండలో కుమార్‌పల్లి నుంచి నడిచొచ్చి, కొబ్బరికాయ కొట్టి, అసలు విషయం చెప్పకుండా వచ్చేస్తారా ఎవరైనా? దారంతా మాట్లాడలేదు. చౌరస్తాలో పల్లికాయ కొనిచ్చింది. తిన్నాను గానీ మాట్లాడలేదు.

మా దిక్కు బాపు వాళ్ళమ్మను బాపమ్మ అంటాం. ఆమె పూలు కట్టి అమ్మేది. మధ్యాహ్నం తిన్నాక తడిగుడ్డలో మల్లెలు, కనకాంబరాలు పోసుకుని, అరటి నార చీల్చుకుని కూర్చుంటే, పొద్దు వాలేసరికి గంప నిండేది. మనిషి పొట్టి. నిలబడితే నా పదో ఏటికే నాతో సమానంగా ఉండేది. మనిషి పొట్టిదైతే మూర కూడా పొట్టిదే కదా. కొనేవాళ్ళు దాంతో పేచీ పెట్టేవాళ్ళు. "అవ్వా, నీ మూర చిన్నది, ఇంకో బెత్తెడు వెయ్యి" అని. "దేవుడు ఇచ్చిన మూర బిడ్డా, నేనేం కోసుకున్ననా?" అనేది, నవ్వుతూ బెత్తెడు కలిపేది. నవరాత్రుల్లో భద్రకాళి గుడి ముందు గంప పెట్టుకున్నప్పుడు మాత్రం ఎవరూ అడగకముందే కొసరు వేసేది. మిల్లు మూతపడ్డాక మూడేళ్ళు మా ఇల్లు ఆ పొట్టి మూర మీదే నడిచింది.

అందుకేనేమో ఆమె మాటల్లో ఎప్పుడూ కొలతలే. జానెడు, బెత్తెడు, బారెడు, నిలువెత్తు. "నువ్వెంత, నేనెంత" అన్నది కూడా ఆమెకు కొలతే అని నాకు చాలా ఏళ్ళకు గాని తట్టలేదు.

వేయి స్తంభాల గుడి మా చిన్నప్పుడు ఇప్పుడున్నంత కట్టుదిట్టంగా ఉండేది కాదు. మాకు అది గుడీ, ఆటస్థలమూ. బాపమ్మ ప్రదక్షిణలు చేస్తుంటే నేను స్తంభాలు లెక్కపెట్టేవాణ్ణి. హన్మకొండలో పుట్టిన పిల్లలెవరూ ఈ లెక్క పెట్టకుండా పెద్దవాళ్ళు కాలేదని నా నమ్మకం. ఎప్పుడు లెక్కపెట్టినా ఒక అంకె రాదు. గోడలో కలిసిపోయినవి లెక్కా కాదా, మండపంలోవి కలపాలా వద్దా, చిన్న చిన్న కంబాల సంగతేమిటి అని నాలో నేనే గొడవపడి మొదటికి వచ్చేవాణ్ణి. ఎంత సాగదీసినా వెయ్యి మాత్రం వచ్చేది కాదు. మోసం అనిపించేది. ఒకరోజు బాపమ్మకు ఫిర్యాదు చేశాను. "వెయ్యంటే లెక్కగాదురా, శానా అని" అంది. ఇప్పటికీ అంతకంటే మంచి జవాబు నాకెవరూ చెప్పలేదు.

ఆ గుడిని 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించాడు. నక్షత్రం ఆకారంలో ఎత్తైన అరుగు, దాని మీద ఒకే రంగమండపానికి మూడు వైపులా మూడు గర్భగుడులు. రుద్రుడు, వాసుదేవుడు, సూర్యుడు. త్రికూటాలయం అంటారు. శివుడూ విష్ణువూ ఒక కప్పు కింద ఉండటం వింత కాదు గానీ, మూడోవాడిగా సూర్యుణ్ణి కూర్చోబెట్టడం ఎంత బాగుంటుందో! రోజూ పొద్దున కళ్ళకు కనబడే దేవుడాయన ఒక్కడే. అయితే మా కాలానికి పూజ అందుకునేది రుద్రేశ్వరుడు మాత్రమే. మిగతా రెండు గదులూ ఖాళీ, చీకటి, గబ్బిలాల వాసన. నేను వాటి ముందు నుంచి పరుగెత్తేవాణ్ణి. బాపమ్మ రెండింటి దగ్గరా ఆగి, గడపకు చెయ్యి ఆనించి, కళ్ళకద్దుకుని, అదే మాట అనేది.

"లోపల ఎవ్వరు లేరు కదా బాపమ్మా."

"పెద్దమనిషి ఇంట్ల లేడని ఆయన అరుగు మీద కాళ్ళు సాపుకొని కూసుంటవా?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. అయినా గడప తాకలేదు. గబ్బిలాలంటే భయం.

బాపు దోస్తు ఒకాయన ఉండేవాడు. యూనియన్ మనిషి. ఎర్రజెండా, బీడీ, పెద్ద గొంతు. దేవుణ్ణి నమ్మడు గానీ మా ఇంటి పచ్చిపులుసును బాగా నమ్మేవాడు. ఆయనా బాపమ్మా వాదించుకోవడం మాకు పెద్ద వినోదం. ఒక ఎండాకాలం బాపమ్మ మిద్దె మీద బూడిద గుమ్మడికాయ వడియాలు పెడుతుంటే ఈయన నిచ్చెన ఎక్కి వచ్చి కదిలించాడు. "అవ్వా, నీ దేవుడు అంతట ఉంటడంటవ్ గదా. మరి గుడికెందుకు పోవాలె? గా పైసలు పెట్టి కట్టుడెందుకు?"

బాపమ్మ పిండి చేత్తోనే ఆకాశం వైపు చూపించింది. "ఎండ అంతట కాస్తలేదా? మరి వడియాలు నడి తొవ్వల పెడుతున్ననా? మిద్దె మీదనే ఎందుకు పెడుతున్న?"

ఆయన ఒక్క క్షణం ఆగి, "మరి కాకులో?" అన్నాడు.

"గందుకే కావలి కూసోవాలె" అంది బాపమ్మ. నా చేతికి కర్ర ఇచ్చింది.

ఆయన పగలబడి నవ్వి, ఒక పచ్చి వడియం నోట్లో వేసుకుని దిగిపోయాడు. ఓడిపోయానని ఒప్పుకోలేదు. నేను మాత్రం సాయంత్రం దాకా కాకుల్ని తోలుతూ కూర్చున్నాను. ఆ తర్వాత దేవుడి పేరు మీద కొట్లాటలు, గుడి పేరు మీద వసూళ్ళు ఎన్ని చూశానో. చూసినప్పుడల్లా ఆ కర్ర గుర్తొచ్చింది.

బాపమ్మ ఏమీ అడగదన్నాను. అది పూర్తి నిజం కాదు. ఒక్కసారి అడిగింది. నాకు టైఫాయిడ్ వచ్చి నెల రోజులు మంచం మీద ఉన్నప్పుడు, నేను బతికితే నా ఎత్తు బంగారం ఇస్తానని సమ్మక్కకు మొక్కుకుంది. మేడారంలో బంగారం అంటే బెల్లం అని మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఈ మొక్కు విషయం తర్వాతెప్పుడో నేను పట్టుకుని దెప్పితే, "ఆడ సంగతి వేరు, ఆమె తల్లి గదా" అంది. తండ్రిని అడగదట గానీ తల్లిని అడుగుతుందట. సరే.

1988 జాతరకు వెళ్ళాం. హన్మకొండ నుంచి ములుగు దాకా బస్సులో, అక్కడ బాపమ్మ తమ్ముడి ఊరు నుంచి ఎడ్లబండి మీద. మాఘమాసపు చలి. అడవి మధ్య ముందూ వెనకా కనుచూపు మేర బండ్లే, బండ్ల కింద వేలాడే లాంతర్లే. రాత్రంతా ఎడ్ల మెడ గంటలు. బండిలో గడ్డి మీద నేనూ, నాకు తోడుగా మేకపోతూ పడుకున్నాం. దాని సంగతి దానికి తెలియదు, నాకు తెలుసు. అందుకని దాని మొహం చూడకుండా అటు తిరిగి పడుకున్నాను.

బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది. గురువారం పొద్దుమూకే వేళ చిలకలగుట్ట నుంచి సమ్మక్క. కోయ పూజారులు గుట్ట మీదికి వెళ్ళి, కుంకుమ భరిణె రూపంలో ఆమెను తీసుకొస్తారు. గుట్ట దిగేటప్పుడు పోలీసులు గాలిలోకి తుపాకులు పేలుస్తారు. ఆ చప్పుడు వినగానే మా చుట్టూ ఉన్న వేలమంది ఒక్కసారి గాలి తగిలిన జొన్నచేనులా కదిలారు. శివసత్తులు ఊగుతున్నారు. ఎదురుకోళ్ళు గాలిలోకి ఎగురుతున్నాయి. నేను బాపు భుజాల మీద కూర్చుని చూశాను. ఏం చూశానని అడిగితే చెప్పలేను. విగ్రహం లేదు, గోపురం లేదు. అప్పటిదాకా నాకు దేవుడంటే గుడి మధ్యలో కదలకుండా కూర్చునేవాడు. ఇక్కడ దేవతే జనం మధ్యకు నడిచొస్తోంది. గద్దె మీద వెదురు వనం, దాని మొదట్లో పసుపు కుంకుమలు. అంతే. అయినా చిన్నవాణ్ణి, ఒళ్ళు జలదరించింది.

శుక్రవారం కాంటా మీద నన్ను కూర్చోబెట్టారు. జ్వరం తీసింది కాబట్టి ఇరవై ఒక్క కిలోలే తూగాను. "వీడు బక్కగున్నప్పుడే మొక్కు తీర్చుడు మంచిదైంది" అన్నాడు బాపు. జంపన్న వాగులో స్నానం చేయించి, తలమీద బెల్లం ముద్ద పెట్టి గద్దెల వైపు తోశారు. దగ్గరికి పోలేనివాళ్ళు దూరం నుంచే బెల్లం విసురుతున్నారు. ఒక ముద్ద వచ్చి నా వీపుకు తగిలింది. బాపమ్మ ఆ సందట్లో ఎలా దూరిందో దూరి, గద్దెను చేత్తో అంటి, తన మాట తను అనుకుంది. ఆడదేవత కాబట్టి తండ్రీ బదులు తల్లీ. మిగతాది అదే.

తిరుగుదారిలో బాపమ్మ తమ్ముడు బండి తోలుతూ సమ్మక్క కథ చెప్పాడు. కరువొచ్చి కప్పం కట్టలేకపోతే కాకతీయ రాజు మేడారం మీదికి సైన్యాన్ని పంపడం, పగిడిద్దరాజు, సారలమ్మ పోరులో ఒరగడం, జంపన్న సంపెంగ వాగులో పడటం, ఒంటినిండా గాయాలతో సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి మాయమవడం, వెతికితే పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరకడం. నా నిద్ర ఎగిరిపోయింది. కాకతీయ రాజులంటే మా హన్మకొండ వాళ్ళే కదా!

"బాపమ్మా, మన వెయ్యి కంబాల గుడి కట్టింది గా రాజులోళ్ళే కదా?"

"ఔ."

"మరి ఆడ మొక్కుతవ్, ఈడ మొక్కుతవ్. ఎట్ల?"

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. నిద్రపోయిందనుకున్నాను. తర్వాత చీకట్లోంచి, "రాజు కట్టిండు. కట్టినోడు పోయిండు. రాజుకెవడు మొక్కుతుండురా?" అంది.

చదువుకున్నాక నేను ఈ ప్రశ్నను చాలా రకాలుగా చదివాను. ఒక్క ఓరుగల్లు నేల మీదే గెలిచినవాళ్ళ గుడీ, చచ్చిపోయినవాళ్ళ గద్దే రెండూ ఉండటం, వాటి మధ్య ఒక ముసలామె ఏ ఇబ్బందీ లేకుండా తిరగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆమెకు చరిత్ర తెలియక కాదు. కథంతా తెలుసు.

ఐనవోలు సంగతి చెప్పకపోతే ఈ జ్ఞాపకాలకు అర్థం లేదు. సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగే మల్లన్న జాతర అది. మాకు మల్లన్న ఇంటిదేవుడు కూడా. ఒకవైపు బలిజ మేడలమ్మ, ఒకవైపు గొల్ల కేతమ్మ, మధ్యలో కోరమీసాల మల్లన్న. అక్కడ నన్ను కట్టిపడేసింది పట్నం అనే ముగ్గు. ఒగ్గు పూజారులు నేల అలికి, తెల్లటి బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడి గుప్పిట్లో పట్టుకుని వేళ్ళ సందుల్లోంచి వదులుతూ ముగ్గేస్తారు. గీత ఎక్కడా వణకదు. గడులు, గడుల్లో గడులు, అంచున పూలు. అదొక కోట. ఒగ్గు మోగుతుంటే, డోలు దెబ్బ మీద దేవుణ్ణి పేరు పెట్టి పిలిచి ఆ కోటలోకి దింపుతారు. అప్పుడిక అది నేల కాదు, గుడే. అయ్యాక అంత గుడినీ తొక్కేస్తారు!

మొదటిసారి చూసినప్పుడు నేను ఏడ్చాను. నిజంగా. ఏడో ఎనిమిదో ఏళ్ళుంటాయి. అంత అందంగా వేసిందాన్ని తొక్కుతారేమిటని. బాపమ్మ నన్ను ఊరుకోబెట్టలేదు సరికదా, తనూ వెళ్ళి వంగి, కలిసిపోయిన ఆ రంగుల్లోంచి చిటికెడు బండారి, అంటే దేవుడి పసుపు, తీసి నా నుదుటికి రాసి, మిగిలింది కొంగున ముడేసుకుంది. ఇంటికొచ్చాక దాన్ని బియ్యం డబ్బాలో వేసింది. ఆ యేడు అన్నం కాస్త పసుపుపచ్చగా ఉండేదని అమ్మ ఇప్పటికీ అంటుంది.

కాజీపేట దర్గా ఉర్సుకు బాపమ్మ దగ్గర పూల చాదర్ చేయించుకునేవాళ్ళు ఉండేవాళ్ళు. గులాబీలు, మల్లెలు వల అల్లినట్టు అల్లాలి. రెండు రోజుల పని. మా గల్లీలో ఆడవాళ్ళందరూ వచ్చి కూర్చునేవాళ్ళు. అల్లిన చాదర్‌ను ఆమె ఎవరిచేతికీ ఇచ్చి పంపేది కాదు. తనే గంపలో పెట్టుకుని, నన్ను వెంటేసుకుని, అఫ్జల్ బియాబానీ దర్గాకు తీసుకెళ్ళి అప్పగించేది. లోపల ఊదు పొగ. ఆ పొగకు నాకు తుమ్ములు. ఆమె కొంగు తలమీద కప్పుకుని, గడప దగ్గర చెయ్యి ఆనించి కళ్ళకద్దుకునేది. పెదాలు కదిలేవి. ఏమనుకుందో వేరే చెప్పాలా?

రామప్పకు మాత్రం ఆమె ఎప్పుడూ వెళ్ళలేదు. నేను స్కూలు వాళ్ళతో వెళ్ళొచ్చి, నీళ్ళలో తేలే ఇటుకల గురించి, మోగే రాతి గురించి, నల్లరాతి నాగిని మెడలో హారం నీడ కూడా చెక్కినట్టుందని ఊపిరి ఆడకుండా చెప్పాను. అన్నీ విని, "రామప్ప అంటే ఎవరు, రాజా?" అని అడిగింది. రాజు కాదు, చెక్కినాయన పేరని చెప్పుకుంటారన్నాను. 1213లో కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, లోపలి దేవుడు రామలింగేశ్వరుడు, అయినా జనం నోట నిలిచింది శిల్పి పేరు. బాపమ్మకు అది ఎంత నచ్చిందో! వారం రోజులు కనిపించినవాళ్ళందరికీ చెప్పింది. "చెక్కినోని పేరట, గుడికి!" పూలు కట్టేవాళ్ళకు ఆ సంతోషం ఎక్కువ తెలుస్తుందేమో. 2021 జూలైలో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చిందని టీవీలో చెబుతుంటే, ఈ వార్త ఆమెకు ఎలా చెప్పేవాణ్ణా అని ఆలోచించాను. యునెస్కో అంటే ఎవరని అడిగేది.

ఇక అసలు సంగతి. వేయి స్తంభాల గుడి ఎదుట, నంది అవతల, కల్యాణ మండపం ఉంటుంది. మా చిన్నప్పుడే దానిలో కొన్ని స్తంభాలు పక్కకు ఒరిగి ఉండేవి. వాటి సందుల్లోనే దొంగ పోలీస్ ఆడేవాళ్ళం. పునాది కుంగిందని, అలాగే వదిలేస్తే కూలుతుందని, 2006లో దాన్ని విప్పారు. విప్పడమంటే రాయి రాయీ తీసి, రాయి రాయికీ నంబరు రాసి, ఆవరణలో వరసగా పేర్చడం. నేను అప్పటికే హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. ఆ యేడు పెత్తరమాసకు ఇంటికొచ్చి, ఎంగిలిపూల బతుకమ్మ ఆడటానికి ఆడవాళ్ళందరూ గుడికి వెళుతుంటే బాపమ్మను తీసుకెళ్ళాను. అప్పటికి ఆమె నడుము బాగా వంగింది. నందిదాకా వచ్చి తలెత్తి చూసింది. ఎదురుగా మండపం లేదు. ఆకాశం ఉంది.

నేను భయపడ్డాను. ఆమె ఏడుస్తుందేమోనని. ఆమె నెమ్మదిగా నడిచి, తాడు కట్టిన చోటికి వెళ్ళి, హంసల వరస చెక్కిన ఒక రాతి మీద చెయ్యి పెట్టింది.

"అవ్వా, ముట్టద్దు" అన్నాడు కాపలా కుర్రాడు.

"ముట్టితె అరుగుతదా బిడ్డా?"

"అరుగుతదవ్వా. అందరు ముట్టితె అరుగుతది."

ఆమె చెయ్యి తీసేసింది. "గదీ నిజమే" అంది. నాకు నవ్వొచ్చింది. జీవితంలో ఆమెను వాదనలో గెలిచినవాడు అతనొక్కడే. అతనికీ జాలేసినట్టుంది, ప్రహరీ గోడ పక్కన విడిగా పడి ఉన్న ఒక రాయి చూపించి, "అగో, గా రాయికి మొక్కుకో అవ్వా, ఎవ్వరేమనరు" అన్నాడు. మోకాలెత్తు రాయి. పక్కన పొడుగ్గా ఒక గాడి. నంబరు వానకు చెరిగిపోయిందేమో, కనబడలేదు. బాపమ్మ దాని దగ్గరికి వెళ్ళి, గడపకు ఆనించినట్టే చెయ్యి ఆనించి, కళ్ళకద్దుకుంది.

కాపలా కుర్రాడు మాటకారి. పునాది తవ్వితే లోపల ఇసుక వచ్చిందని, కాకతీయులు గుంత తీసి ఇసుక నింపి దానిమీదే రాతి కట్టడం లేపారని, భూమి కదిలినా ఆ ఇసుక సర్దుకుంటుందని చెప్పాడు. బాపమ్మ నమ్మలేదు. నా వైపు తిరిగింది. నిజమే బాపమ్మా అన్నాను. "ఇసుక మీదనా? గింత బరువా?" అంది. పేర్చిన రాళ్ళను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. ఆ రోజు ఆమె నోట ఆ మాట నేను మొదటిసారి పైకి, గట్టిగా విన్నాను.

"నువ్వెంత తండ్రీ!"

నేనెంత అనలేదు.

తర్వాత పని సాగేది, ఆగేది, మళ్ళీ సాగేది. ఏళ్ళు గడిచాయి. రాళ్ళ మధ్య గడ్డి మొలిచింది. నేను ఎప్పుడొచ్చినా బాపమ్మను ఆటోలో గుడికి తీసుకెళ్ళడం, ఆమె రుద్రేశ్వరుణ్ణి చూసి, రెండు ఖాళీ గదులకూ మొక్కి, చివర్లో గోడ పక్క రాయి దగ్గరికి వెళ్ళడం అలవాటైపోయింది. ఆమెను చూసి ఇంకెవరో కూడా ఆ రాయికి పసుపు రాశారు. ఒకసారి దానిమీద మూడు చామంతులు కనబడ్డాయి. "చూసినవా?" అంది నాతో, పూల నాణ్యం చూస్తూ. "నిన్నటి పూలు."

2014లో బాపమ్మ పోయింది. అస్థికలు కాళేశ్వరంలో కలిపాం. గోదావరీ ప్రాణహితా కలిసే చోట, రెండు రంగుల నీళ్ళు పక్కపక్కనే పారుతుంటే, బాపు నడుంలోతు దిగి కుండ వదిలాడు. గుళ్ళో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, యముడూ ముక్తేశ్వరుడూ. ముక్తేశ్వర లింగానికున్న రంధ్రాల్లో నీళ్ళు పోస్తే లోపల్లోపలే వెళ్ళి నదిలో కలుస్తాయంటారు. బాపు చెంబెడు నీళ్ళు పోసి, చాలాసేపు చెవి పెట్టి విన్నాడు. మేమెవరం నవ్వలేదు.

మండపం 2024 మార్చి 8న, శివరాత్రి రోజు మళ్ళీ తెరిచారు. ఆ రోజు జనంలో వెళ్ళే ధైర్యం లేక ఎండాకాలం సెలవుల్లో మా అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. దూరం నుంచి చూడగానే కాళ్ళు ఆగిపోయాయి. ఆకాశం ఉన్నచోట మళ్ళీ మండపం. స్తంభాలు నిటారుగా, ఒక్కటీ ఒరగకుండా. కొన్నిచోట్ల కొత్త రాయి వేశారు, రంగు తేడా తెలుస్తోంది. నంబర్లు లేవు. మా అమ్మాయి అప్పుడే లెక్క మొదలుపెట్టింది. నేను బాపమ్మ రాయి కోసం వెతికాను. పక్కన గాడి ఉన్న రాయి. ఏ స్తంభం కిందో, ఏ మెట్టులోనో ఉండాలి. రెండుసార్లు చుట్టూ తిరిగాను. హంసల వరస కనబడింది. అది దొరికింది గాని గాడి రాయి దొరకలేదు. లోపలి వైపు పడిందేమో, పైకప్పులో వాడారేమో. మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాను.

అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేశాను. గాడి ఏ పక్కన ఉండేదో గుర్తుందా అని.

"ఏ రాయి?" అంది అమ్మ. చెప్పాను. అవతల నవ్వు వినబడింది.

"అది మండపం రాయి గాదు బిడ్డా. పనోళ్ళు కూసొని సద్ది తినే రాయి. ఎక్కన్నుంచో తెచ్చి ఏసుకున్నరు. గా గాడిల సాన పట్టుకునేటోళ్ళు."

నాకు నోట మాట రాలేదు. "బాపమ్మకు తెల్వదా?"

"తెల్వకేంది? నేనే జెప్పిన. 'తెలుసు' అన్నది."

"మరి ఎందుకు మొక్కింది అన్నేండ్లు?"

"గదే అడిగిన. 'గా పిలగాడు సూపిచ్చిండు గదా' అన్నది."

మా అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుని లాగింది. లెక్క మూడోసారి తప్పిందట. ఇద్దరం ప్రహరీ గోడ దగ్గరికి నడిచాం. రాయి లేదు. అక్కడ ఇప్పుడు పచ్చిక పెంచారు. పైపుతో నీళ్ళు పడుతున్నారు. పచ్చిక మీద నడవరాదని చిన్న బోర్డు కూడా ఉంది.